టైం ఇచ్చే మనిషి ఒక్కరే ఉండాలి

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. మా మావగారిది ఇచ్ఛాపురం దగ్గర పల్లె, మేం ఇక్కడే స్థిరపడ్డాం. మావారు ఏసీలు, ఫ్రిజ్‌లు, ఆర్‌ఓ మెషీన్లు రిపేరు చేస్తారు. ఇద్దరు కుర్రాళ్ళు పనిలో ఉన్నారు. ఫోన్లు, డైరీ నేను చూసుకుంటాను. ఎండాకాలం వచ్చిందంటే ఫోన్ కింద పెట్టే పరిస్థితి ఉండదు, రాత్రి పదకొండుకి కూడా మోగుతుంది. మొన్న ఏప్రిల్లో ఒకరోజు అంకులిలో ఒకరికి పదింటికి వస్తామని నేను చెప్పాను. అదే పదింటికి గోపాల్‌పూర్‌లో ఇంకొకరికి మావారు బండి మీద వెళ్తూ మాట ఇచ్చేశారు. గోపాల్‌పూర్ వాళ్ళు మధ్యాహ్నం దాకా చూసి, ఇక మీ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వద్దు అన్నారు. ఇప్పుడు ఒక ఏజెంటు వచ్చి, వాట్సాప్‌లో బాట్ (మెసేజ్‌లకి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రాం) పెడతాం, బుకింగులన్నీ అదే చూసుకుంటుంది, ఏడాది డబ్బు ముందే కట్టాలి అంటున్నాడు. మావారు కట్టేద్దామంటున్నారు. మా కస్టమర్లలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, హిందీ మాట్లాడే ఆర్మీవాళ్ళు ఉన్నారు. చాలామంది పెద్దవాళ్ళకి ఫోన్ చేసి మాట్లాడటమే అలవాటు. కట్టమంటారా? నాకు మాత్రం టెన్షన్ తగ్గితే చాలు.
– ఒక చెల్లెలు, బరంపురం

జవాబు: చెల్లెమ్మా, ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. బాట్ పనికిరాదని నేననడం లేదు. కానీ ఏప్రిల్ నాటి గొడవని అది ఆపేది కాదు. ఆరోజు అంకులికి టైం ఇచ్చింది మీరు, గోపాల్‌పూర్‌కి ఇచ్చింది మీవారు. మీరు ఇచ్చింది ఆయనకి తెలీదు, ఆయన ఇచ్చింది మీకు తెలీదు. రేపు బాట్ వస్తే టైం ఇచ్చేవాళ్ళు ముగ్గురవుతారు. మీవారు బండి మీద వెళ్తూ "రేప్పొద్దున వచ్చేస్తాలెండి" అన్న మాట దానికి ఎవరు చెప్తారు?

అందుకే మొదట చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు, కానీ అన్నిటికన్నా కష్టం అదే. మీ ఇంట్లో టైం ఇచ్చే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ మనిషి మీరే. మీవారికి రోడ్డు మీద ఫోన్ వస్తే ఆయన అనాల్సింది ఒకటే: "ఇంటి నుంచి ఇప్పుడే ఫోన్ చేసి టైం చెప్తారండి." పాత కస్టమరైనా అంతే, చుట్టాలైనా అంతే. కుర్రాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ఒక ఇంట్లో పని అయిపోగానే పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి "మాది కూడా ఓసారి చూసి పో బాబూ" అంటుంది. కాదనలేక లోపలికి వెళ్తాడు. కెపాసిటర్ పోయిందనుకుని విప్పింది కాస్తా గ్యాస్ లీక్ అని తేలుతుంది. అవతల ఇంకో ఇంట్లో వాళ్ళు గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. పక్కింటి పని వదులుకోమని నేను చెప్పను, అది మంచి బేరమే. లోపలికి వెళ్ళే ముందు మీకు ఒక ఫోన్ చేయాలి, మీరు సరే అన్నాకే టూల్‌కిట్ తెరవాలి.

రెండోది, అసలు టైం అంటే ఏమిటో మీరు తేల్చుకోవాలి. "పదింటికి వస్తాం" అని ఎవరికీ చెప్పకండి. ఆ మాట నిలబెట్టుకోవడం రోజులో మొదటి ఇంటికే సాధ్యం. "పది నుంచి పన్నెండు మధ్య వస్తారు, బయల్దేరేముందు ఫోన్ చేస్తారు" అని చెప్పండి. మీవారిని ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఏ పనికి ఎంతసేపు పడుతుందో రాయించుకోండి. ఒక స్ప్లిట్ ఏసీకి జెట్ సర్వీస్ (నీళ్ళ ఒత్తిడితో కడగడం) అంటే దాదాపు గంట. ఆర్‌ఓలో ఫిల్టర్లు మార్చడం అంతకన్నా తక్కువ. గ్యాస్ పని అంటే లీక్ ఎక్కడుందో పట్టుకోవాలి, అతుకు వేయాలి, వాక్యూమ్ పట్టాలి, అప్పుడు నింపాలి. ఒక పూట దానికే పోయినా ఆశ్చర్యం లేదు. గోపాల్‌పూర్ అయితే ఇంకొంచెం కలపండి. అక్కడి ఉప్పుగాలికి బయటి యూనిట్ స్క్రూలు తుప్పు పట్టి ఓ పట్టాన ఊడి రావు. ఈ లెక్క మీ దగ్గర లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా, ఫిల్టర్ మార్చడానికీ గ్యాస్ నింపడానికీ ఒకే గంట కేటాయించేస్తుంది. దానికి ఆ తేడా చెప్పాల్సింది మీరే కదా.

దూరం సంగతి కూడా చూడండి. బరంపురం నుంచి గోపాల్‌పూర్ పదిహేను కిలోమీటర్ల పైమాటే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని ఒప్పుకుంటే పెట్రోలూ పోతుంది, కుర్రాడి పూటా పోతుంది. గోపాల్‌పూర్‌కి వారంలో రెండు రోజులని పెట్టుకోండి, అత్యవసరమైతే తప్ప ఆ రోజుల్లోనే టైం ఇవ్వండి. ఆస్కా రోడ్ వైపువి ఒక పూట, ఊరికి అటు చివరివి ఇంకో పూట. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చే నెలలో పాత ఊళ్ళో ఏ పనీ సాయంత్రం పెట్టకండి. ఆ జనంలో ఏసీ యూనిట్ వేసుకుని బండి కదలదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో ప్రతి కుర్రాడికీ రోజుకి ఒక ఖాళీ ఉంచండి, ఎవరు బతిమాలినా ముందురోజే దాన్ని నింపేయకండి. పసిబిడ్డ ఉన్న ఇల్లో, మంచంమీదున్న పెద్దాయన ఉన్న ఇల్లో ఆరోజు పొద్దున ఫోన్ చేస్తే ఆ ఖాళీయే మీ పరువు కాపాడుతుంది.

ఇదంతా కుదిరాక ఫోన్ చేతిలోకి తీసుకోండి. ఏది మెషీన్‌కి అప్పజెప్పాలి, ఏది మీ దగ్గర ఉంచుకోవాలి అన్నదాంట్లో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం, గుర్తుచేయడం మెషీన్ చేయనివ్వండి. ఎవరిని ఎప్పుడు ఎక్కడికి పంపాలో మీరే చెప్పండి. ఇద్దరు కుర్రాళ్ళున్న వ్యాపారానికి ఇంతకన్నా అక్కర్లేదు.

డైరీ స్థానంలో గూగుల్ క్యాలెండర్ పెట్టుకోండి, ఉచితమే. మీ ఖాతాలో మూడు క్యాలెండర్లు తెరవండి: మీవారికొకటి, కుర్రాళ్ళకి చెరొకటి, మూడు వేర్వేరు రంగుల్లో. కంప్యూటర్‌లో తెరిచి, ఎవరి క్యాలెండర్ వాళ్ళ జీమెయిల్‌కి షేర్ చేయండి. అక్కడ ఒక చిన్న ఎంపిక ఉంటుంది: వాళ్ళు చూడగలగాలా, మార్చగలగాలా అని. చూడటానికి మాత్రమే ఇవ్వండి, మీవారికి కూడా. ఇది ఆయన మీద నమ్మకం లేక చెప్తున్నది కాదు, ఒక్కరే టైం ఇవ్వాలన్న నియమం నిలబడటానికి. ప్రతి పనికీ పేరు, ఫోన్ నంబరు, మెషీన్, ఇబ్బంది రాయండి. లొకేషన్ గడిలో చిరునామా పెడితే కుర్రాడు దాన్ని నొక్కగానే మ్యాప్ తెరుచుకుంటుంది. "లంజిపల్లిలో దిగి ఫోన్ చెయ్యి, దారి చెప్తాను" అనే ఫోన్లు అక్కడికక్కడే సగం తగ్గిపోతాయి.

తర్వాత వాట్సాప్ బిజినెస్ యాప్. ఇదీ ఉచితమే. మామూలు వాట్సాప్‌లో ఉన్న నంబరునే ఇందులోకి మార్చుకోవచ్చు, కానీ ఒకే నంబరు రెండిట్లోనూ ఒకేసారి నడవదు. మీవారి సొంత నంబరు కాకుండా షాపు కోసం ఒక నంబరు తీసుకుని, దాన్ని మీ దగ్గర ఉంచుకోమనే చెప్తాను. చుట్టాల శుభాకాంక్షల మధ్య "కూలింగ్ రావట్లేదు" అన్న మెసేజ్ కొట్టుకుపోకూడదు.

అందులో గ్రీటింగ్ మెసేజ్ అని ఉంటుంది. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్ళకీ, పద్నాలుగు రోజులుగా మాట్లాడనివాళ్ళకీ అది తనంతట తనే వెళ్తుంది. దాన్ని ఊరికే "స్వాగతం" అని వృథా చేయకండి. ఇలా రాయండి: "నమస్తే. మీ పేరు, ఏరియా, ఏ మెషీన్, ఏం ఇబ్బంది – ఈ నాలుగూ పంపండి. లొకేషన్, ఫోటో పెడితే ఇంకా మంచిది. రాయడం కష్టమైతే వాయిస్ పంపండి. చూసి టైం చెప్తాం. మేం టైం చెప్పాకే బుకింగ్ అయినట్టు." ఆఖరి వాక్యం మర్చిపోకండి. మెసేజ్ పెట్టగానే జవాబు వచ్చింది కాబట్టి మనిషి వచ్చేస్తాడని అనుకునేవాళ్ళు చాలామంది. ఇదే మెసేజ్‌ని ఒడియాలో, హిందీలో కూడా కిందే రెండేసి లైన్లు రాయండి. ఒడియా అనువాదాన్ని యాప్‌కి వదలకండి, మీ వీధిలో చదువుకున్న ఒడియా పిల్లని అడిగి రాయించుకోండి. మీ ఊళ్ళో అలాంటి సాయానికి కొదవ ఉండదు.

రోజూ కొట్టే మాటలకి క్విక్ రిప్లైలు పెట్టుకోండి. స్లాష్ గుర్తు కొట్టి చిన్న పేరు రాస్తే మెసేజ్ మొత్తం వచ్చేస్తుంది. టైం ఖాయం చేసే మెసేజ్ నేనైతే ఇలా రాస్తాను: "రేపు బుధవారం ఉదయం 10–12 మధ్య మా టెక్నీషియన్ వస్తారు. బయల్దేరేముందు ఫోన్ చేస్తారు. విజిటింగ్ చార్జి ఇంత, పార్టులు వేరే. కుదరకపోతే ఈ రాత్రి 8 లోపు చెప్పండి." రోజు పేరు తప్పకుండా రాయాలి. రాత్రి పన్నెండు దాటాక చదివినవాళ్ళకి "రేపు" అంటే ఇంకో రోజవుతుంది. చార్జి ముందే రాస్తే గుమ్మం దగ్గర కుర్రాడితో వాదన ఉండదు. ప్రతి సాయంత్రం ఏడింటికి మర్నాటి లిస్టు చూసుకుని ఒక్కొక్కరికీ గుర్తుచేసే మెసేజ్ మీరే పంపండి. ఆ రోజుకి పది ఇళ్ళుంటే అంతా కలిపి కాఫీ తాగినంత సేపట్లో అయిపోతుంది. ఇంట్లో ఎవరూ లేక తాళం చూసి వెనక్కి రావడం దీంతోనే బాగా తగ్గుతుంది.

లేబుల్స్ (ఒక్కో చాట్‌కి తగిలించే గుర్తులు) కూడా వాడండి. "టైం ఇవ్వాలి", "టైం ఇచ్చాం", "పార్ట్ రావాలి", "డబ్బు రావాలి" చాలు. వీటిలో "పార్ట్ రావాలి" అన్నదాన్ని రోజూ పొద్దున తెరిచి చూడండి. పీసీబీ (మెషీన్‌లోని సర్క్యూట్ బోర్డు) రిపేరుకి తీసుకెళ్ళి వారం రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే ఏ కస్టమరైనా విసిగిపోతాడు. "ఇంకా రాలేదండి, శుక్రవారానికి చెప్తాం" అన్న ఒక్క మెసేజ్ ఆ ఇంటిని మీకు దూరం కాకుండా ఉంచుతుంది.

ఫోన్ చేసి మాట్లాడే పెద్దవాళ్ళ గురించి అడిగారు. వాళ్ళని వాట్సాప్‌లోకి లాగొద్దు. వాళ్ళే మీకు ఏళ్ళ తరబడి వచ్చే కస్టమర్లు, ఇంకో పది ఇళ్ళకి మీ పేరు చెప్పేవాళ్ళు. వాళ్ళ ఫోన్ ఎత్తండి, మాట్లాడండి, పెట్టేశాక క్యాలెండర్‌లో మీరే రాసుకోండి. ఎత్తలేనప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్ కట్ చేస్తూ ఎస్‌ఎంఎస్ పంపే వీలుంది. అందులో ఉండే ఇంగ్లీషు మాట తీసేసి "పనిలో ఉన్నాం, గంటలోపు మేమే చేస్తాం" అని మీ మాటల్లో పెట్టుకోండి. నిచ్చెన మీద ఉన్న మీవారికి ఇది మరీ అవసరం. ఒక చేత్తో రెంచి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో అంతస్తు గోడ మీద నిలబడే మనిషిని తలుచుకుంటేనే నాకు గుండె దడ. బుకింగుల కన్నా ముందు ఆ అలవాటు మాన్పించండి తల్లీ.

ఎవరైనా మీకు గూగుల్ ఫామ్ పెట్టమని చెప్పొచ్చు. నింపినవి షీట్‌లోకి వచ్చి పడతాయి, నిజమే. కానీ ఫామ్‌కి తనంతట తాను టైం నిండిందో లేదో తెలీదు. ఒకే పది గంటలని ఇద్దరు ఎంచుకున్నా తీసేసుకుంటుంది, అంటే మళ్ళీ ఏప్రిల్ గొడవే. గూగుల్ క్యాలెండర్‌లోనే బుకింగ్ పేజీ అని ఒకటుంది. అది నిండిన టైం చూపించదు, ఆ విషయంలో మంచిదే. అయితే బుక్ చేసేవాళ్ళు ఈమెయిల్ ఇవ్వాలి. గోసాని నువాగావ్‌లో ఫ్రిజ్ ఆగిపోయి పాలు విరిగిపోతున్న ఇల్లాలు ఈమెయిల్ కొడుతూ కూర్చోదు. ట్యూషన్ సెంటరుకో డాక్టరుగారికో అది బాగుంటుంది, మీకు ఇప్పుడు వద్దు.

మెషీన్ నిజంగా మీకు డబ్బు తెచ్చిపెట్టేది ఎక్కడంటే, గుర్తుచేయడంలో. ఏఎంసీలు, ఆర్‌ఓ ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలో మనిషి బుర్రలో ఉండవు. ఒక ఇంట్లో ఫిల్టర్ మార్చిన రోజే క్యాలెండర్‌లో మళ్ళీ మార్చాల్సిన తేదీకి రాసేయండి, రిపీట్ పెట్టేయండి. ఆ తేదీ వచ్చినప్పుడు కస్టమర్‌కి మీరే ముందు మెసేజ్ పెడతారు. ఏసీల విషయంలో ఇంకా బాగా పనికొస్తుంది. మీ రద్దీ అంతా ఎండలు ముదిరాకే కదా, అదే ఏసీలకి ఫిబ్రవరిలో సర్వీస్ చేయలేరా? జనవరి ఆఖర్లో పాత కస్టమర్లందరికీ "ఎండలు రాకముందే సర్వీస్ చేయించుకోండి, ఫిబ్రవరిలో మీకు నచ్చిన రోజు ఇస్తాం" అని పంపండి. కాస్త తగ్గించి ఇచ్చినా పర్వాలేదు. ఏప్రిల్లో మోగే ఫోన్లలో కొన్ని ఫిబ్రవరికి జరిగితే, మీ టెన్షన్ తగ్గించడంలో ఏ బాట్ కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అందుతుంది. పని అయ్యాక బిల్లు ఇస్తూ "ఈ నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని కుర్రాళ్ళ చేత అనిపించండి.

నోటు పుస్తకం మాత్రం పారేయకండి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ మీ పక్కనే శ్రీకాకుళం వైపు దాటి మీ గంజాం, గజపతి జిల్లాలనీ వదల్లేదు. తుపాను వస్తే ముందు కరెంటు, ఆ వెంటే సిగ్నల్ పోతాయి. కరెంటు తిరిగొచ్చిన రోజే వోల్టేజీ ఎగిరి ఏసీలు, ఫ్రిజ్‌లు పాడైన ఫోన్లు వరసగా వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ప్రతి రాత్రీ మర్నాటి లిస్టుని, ఫోన్ నంబర్లతో సహా, చేత్తో ఒక పేజీ రాసి పెట్టుకోండి.

కస్టమర్ల నంబర్లు, ఇళ్ళ ఫోటోలు మీ దగ్గర పోగవుతాయి. పని అయ్యాక ఆ ఇంటి ఫోటోలు కుర్రాళ్ళ ఫోన్లలోంచి తీసేయించండి, ఒక కస్టమర్ నంబరు ఇంకెవరికీ ఇవ్వకండి. వ్యక్తిగత సమాచారం మీద 2023లో కేంద్రం చట్టం కూడా చేసింది. చట్టం సంగతి అటుంచితే, ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు మీ కుర్రాళ్ళని ఇంట్లోకి రానిచ్చేది మీ మీది నమ్మకంతోనే.

ఇక ఆ ఏజెంటు. అతను చెప్పే బాట్‌కి వాట్సాప్ వాళ్ళ వేరే సర్వీసు కావాలి, అది మీ ఉచిత యాప్ లాంటిది కాదు. కస్టమర్ ముందు మెసేజ్ పెడితే ఇరవై నాలుగు గంటల లోపు ఇచ్చే మామూలు జవాబులకి వాట్సాప్ చార్జి చేయదు. ఆ గడువు దాటాక మీరు పంపే రిమైండర్లకీ, ఎప్పుడు పంపినా ఆఫర్లకీ మెసేజ్‌కి ఇంత అని పడుతుంది. ఏజెంటు అడిగే ఏడాది డబ్బులో ఇవి కలిసి ఉన్నాయా, వేరేనా అని అడగండి. నంబరు ఎవరి పేరు మీద నమోదవుతుంది, మీ ఫోన్లో యాప్ మామూలుగా నడుస్తుందా, రేపు మానేస్తే కస్టమర్ల లిస్టు షీట్ రూపంలో ఇస్తారా, ఒడియాలో వాయిస్ పంపితే బాట్‌కి అర్థమవుతుందా అని కూడా. జవాబులు రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. నెలనెలా కట్టే వీలు లేకుండా ఏడాదిది ముందే అడిగేవాళ్ళతో నేనైతే పెట్టుకోను. కుర్రాళ్ళు నలుగురైదుగురై, క్యాలెండర్ ఒక్క మనిషి చూసుకోలేనంత అయితే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. అప్పటికి ఏ పనికి ఎంతసేపు, ఏ వైపు ఏ రోజు అన్న లెక్క మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది కాబట్టి, ఏం కొనాలో మీరే చెప్పగలుగుతారు.

రాత్రి పదకొండు గంటల ఫోన్ల మాట రాసి వదిలేశారు, నేను వదలను. వాట్సాప్ బిజినెస్‌లో "అవే (Away) మెసేజ్" అని ఉంది, పనివేళలు పెడితే ఆ వేళలు దాటాక అదే జవాబిస్తుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పెట్టండి: "పొద్దున ఎనిమిది తర్వాత చూసి చెప్తాం. మెషీన్ నుంచి కాలిన వాసన వస్తే వెంటనే మెయిన్ ఆపేయండి." షాపు ఫోన్ సైలెంట్‌లో పెట్టి వేరే గదిలో ఉంచండి. ఈ వ్యాపారానికి ఆఫీసు మీరే చెల్లెమ్మా. జీతం లేకుండా, సెలవు లేకుండా నడుస్తున్న ఆఫీసు. నెలకి ఇంత అని మీ పేరున ఖాతాలో వేయమని మీవారిని అడగండి, ఏజెంటుకి కట్టాలనుకున్న డబ్బు ఎలాగూ మిగిలింది.

ఆయన ఒప్పుకుంటారా అన్న భయం మీ ఉత్తరంలో రాయకపోయినా కనిపిస్తోంది. వాదన పెట్టుకోకండి. గోపాల్‌పూర్ ఏఎంసీ పోయిన డబ్బు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి, "నెల రోజులు నన్ను ఒక్కదాన్నే టైం ఇవ్వనివ్వండి. ఒక్క ఇంటికైనా ఇద్దరం మాటిచ్చి తప్పితే, ఏజెంటుని నేనే పిలుస్తాను" అనండి. ఆ నెల వేసవిలో కాకుండా, పనులు కాస్త తగ్గే వానాకాలంలో మొదలుపెట్టండి. అప్పుడు క్యాలెండర్ అలవాటవడానికి కుర్రాళ్ళకీ తీరిక దొరుకుతుంది.